చలికి స్టార్ట్ కాని డీజిల్ బండి: పంపు విప్పించే ముందు చూడవలసినవి

మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైనది ఇది. లంబసింగి దగ్గర మీ ఊరు. ఎనిమిదేళ్ల కామన్ రైల్ డీజిల్ పికప్, అంటే పంపు డీజిల్‌ను గట్టి ప్రెషర్‌తో రైలు అనే ఉమ్మడి గొట్టంలో నింపితే అక్కడి నుంచి ఇంజెక్టర్లు సిలిండర్లలోకి చిమ్మే రకం. డిసెంబరు మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున కూరగాయల లోడుతో నర్సీపట్నం బయలుదేరే వేళకు బండి మొరాయిస్తోంది. సెల్ఫ్ తిరుగుతోంది, సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ వస్తోంది, నాలుగైదు సార్లు తాళం తిప్పాక దడదడలాడుతూ అందుకుంటోంది. పది గంటలు దాటాక మాత్రం తాళం తిప్పగానే స్టార్ట్ అవుతోంది. ఒక మెకానిక్ డీజిల్ గడ్డకడుతోంది, కిరోసిన్ కలపండి అన్నారు. ఇంకొకరు హై ప్రెషర్ పంపు పోయింది, మార్చాలన్నారు.

ఆ రెండు పనుల్లో ఏదీ ఇప్పుడు చేయకండి. మొదటిది ఉన్న పంపును పాడుచేస్తుంది, రెండోది బాగున్న పంపు మీద మీ డబ్బు పోయిస్తుంది.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. బండి మొరాయిస్తున్నది చలి వల్లా, రాత్రంతా నిలబడి ఉండటం వల్లా? పది గంటలకు మీరు తాళం తిప్పే బండి అప్పటికే పొద్దున ఒకసారి నడిచిన బండి. ఇంజిన్ వెచ్చగా ఉంటుంది, పైపుల నిండా డీజిల్ ఉంటుంది, బ్యాటరీ చార్జ్ అయి ఉంటుంది. అందుకే అప్పుడు స్టార్ట్ అయినంత మాత్రాన తప్పు చలిదేనని చెప్పలేము. లోడు లేని రోజు చూసుకుని, ముందు రోజు సాయంత్రం ఆపిన బండిని మర్నాడు మిట్టమధ్యాహ్నం దాకా ముట్టుకోకండి. ఎండ బాగా ఎక్కాక, ఇంజిన్ మీద చేయి పెడితే చల్లదనం తగలనప్పుడు మొదటిసారి తాళం తిప్పండి. వెంటనే అందుకుంటే చలికి సంబంధించిన లోపం. అప్పుడు హీటర్ ప్లగ్గులు (స్టార్ట్ చేసే ముందు సిలిండర్‌ను వేడెక్కించేవి), టెంపరేచర్ సెన్సర్, కంప్రెషన్ (పిస్టన్ గాలిని నొక్కే బిగువు) వైపు వెళ్లాలి. మధ్యాహ్నం కూడా పొద్దున లాగే సతాయిస్తే చలిని వదిలేయండి. రాత్రంతా నిలబడటంలో డీజిల్ వెనక్కి జారిపోతోందో, ఎయిర్ పడుతోందో (పైపుల్లోకి గాలి చేరుతోందో), బ్యాటరీ దిగిపోతోందో చూడాలి. ఈ పరీక్షకు రూపాయి ఖర్చు లేదు. అయినా నా దగ్గరికి వచ్చే బండ్లలో దీన్ని చేసి వచ్చేవారు చాలా అరుదు, చాలామంది అప్పటికే ఒక భాగమైనా మార్పించుకుని వస్తారు.

రెండో ఆధారం పొగ. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు. పిస్టన్ గాలిని పదిహేడు పద్దెనిమిదో వంతుకు నొక్కేసరికి ఆ గాలి కొన్ని వందల డిగ్రీలకు వేడెక్కుతుంది, అందులోకి చిమ్మిన డీజిల్ తనంతట తానే అంటుకుంటుంది. ఇంజిన్ బ్లాకు చల్లగా ఉంటే ఆ వేడిలో చాలా భాగాన్ని గోడలే లాగేసుకుంటాయి. సెల్ఫ్ నెమ్మదిగా తిరిగితే వేడి లాగేసుకోవడానికి గోడలకు ఇంకా ఎక్కువ సమయం దొరుకుతుంది, రింగుల పక్కనుంచి గాలి కూడా జారిపోతుంది. అప్పుడు చిమ్మిన డీజిల్ మండకుండా ఆవిరై సైలెన్సర్ నుంచి బయటికి వస్తుంది. మీరు చూస్తున్న తెల్లటి పొగ అదే. కళ్లు మండించే పచ్చి డీజిల్ వాసన దానికి గుర్తు.

అంటే తెల్లటి పొగ వస్తోందంటే డీజిల్ సిలిండర్‌లోకి చేరుతోంది. కామన్ రైల్ బండిలో రైలు గొట్టం లోపలి ప్రెషర్ సుమారు రెండు వందల బార్ (బార్ అంటే ప్రెషర్ కొలత) దాటితే గాని ఇంజిన్ కంప్యూటర్ ఇంజెక్టర్లను తెరవనివ్వదు. పంపు పోయి ఉంటే ప్రెషరే రాదు, ఇంజెక్టర్ తెరుచుకోదు, పొగా రాదు. పంపు మార్చాలన్న మాటను నేను పక్కన పెట్టమనడానికి కారణం ఇదే. ఒక్కటి గమనించండి: పొగ మొదటిసారి సెల్ఫ్ కొట్టగానే వస్తోందా, చాలాసేపు ఏమీ రాకుండా కొట్టాక మొదలవుతోందా? వెంటనే వస్తుంటే వేడి చాలడం లేదు. ఆలస్యంగా వస్తుంటే డీజిల్ ఆలస్యంగా చేరుతోంది.

ఇక డీజిల్ గడ్డకట్టడం గురించి. లంబసింగి చలిలో అది అసలు జరగదని నేను అనను. డీజిల్‌లో సహజంగానే మైనం ఉంటుంది, చలికి అది సన్నని పలుకులుగా విడిపోయి ఫిల్టర్‌ను మూసేస్తుంది. మన దేశంలో డీజిల్ ప్రమాణం ఐఎస్ 1460 ప్రకారం ఫిల్టర్ మూసుకుపోయే ఉష్ణోగ్రత శీతకాలపు డీజిల్‌కు 6 డిగ్రీలు, వేసవి డీజిల్‌కు 18 డిగ్రీలు మించకూడదు. ఇది గరిష్ఠ పరిమితి. మీ ఊళ్లో తెల్లవారుజామున రెండు మూడు డిగ్రీలకు పడిపోతుంది కాబట్టి లెక్క ప్రకారం అవకాశం ఉంది. కానీ టాంకులో నలభై యాభై లీటర్ల డీజిల్ గాలి చల్లబడినంత త్వరగా చల్లబడదు, ఆ కనిష్ఠ ఉష్ణోగ్రత ఉండేది కూడా తెల్లవారే ముందు కాసేపే. పైగా మైనం పట్టిన బండి లక్షణం వేరు. అది చాలాసార్లు స్టార్ట్ అవుతుంది, ఫిల్టర్‌లో ఉన్న కాస్త డీజిల్ అయిపోగానే ఊపిరి ఆగినట్టు ఆగిపోతుంది, లేదా ఘాట్ ఎక్కేటప్పుడు ఎంత తొక్కినా లాగదు. మీ బండి ఒకసారి అందుకున్నాక మార్కెట్ దాకా బాగానే వెళ్తోంది.

అనుమానం తీరాలంటే తెల్లటి గాజు సీసాలో మీ టాంకులోని డీజిల్ అర లీటరు తీసి, మూత పెట్టి, రాత్రి బండి పక్కనే ఆరుబయట ఉంచండి. పొద్దున బండి దగ్గరకు వెళ్లగానే టార్చి వెలుగులో చూడండి. డీజిల్ నిర్మలంగా, అవతలి వేళ్లు కనిపించేలా ఉంటే మైనం ప్రశ్నే లేదు. పాలు కలిపినట్టు మసకబారితే మైనం విడిపోతోందన్నమాట. అడుగున వేరుగా ఒక పొర నిలిచి, సీసా వంచితే ముద్దలా జారుతుంటే అది నీరు. దానికి ఫిల్టర్ కింద ఉన్న డ్రెయిన్ స్క్రూ విప్పి నీరు తీసేయాలి, కొన్న బంకు మార్చుకోవాలి. డ్రమ్ముల్లో నిల్వ చేసిన డీజిల్ వాడే అలవాటు మీ వైపు ఉంది. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో కొని డ్రమ్ములో ఉంచింది వేసవి రకం కావచ్చు. డిసెంబరు, జనవరి నెలల్లో బాగా అమ్మకం జరిగే బంకులో ఎప్పటికప్పుడు పట్టించుకోండి, డ్రమ్ము డీజిల్‌ను మార్చి నెల దాటాక వాడుకోండి.

కిరోసిన్ మాత్రం వద్దు. పాత జీపుల రోజుల్లో అది నడిచింది. కామన్ రైల్ పంపు వెయ్యి బార్‌కు పైగా ప్రెషర్ పుట్టిస్తుంది, దాని లోపలి భాగాలకు వేరే ఆయిల్ లేదు, డీజిల్ జిడ్డే వాటికి ఆయిల్. కిరోసిన్‌లో ఆ జిడ్డు తక్కువ. పంపు లోపల అరిగిన ఇనుప రజను రైలులోకి, నాలుగు ఇంజెక్టర్లలోకి వెళ్తుంది. ఆ రోజు వచ్చే బిల్లు మీ బండి విలువలో పెద్ద వాటా అవుతుంది. రేషన్ కిరోసిన్ బండిలో పోయడం నేరం కూడా. నిజంగా గడ్డకట్టే చలికి పరిష్కారం డీజిల్‌నే వేరుగా తయారుచేయడం. ఇండియన్ ఆయిల్ 2019 నవంబరులో లద్దాఖ్ కోసం తెచ్చిన శీతకాలపు డీజిల్ మైనస్ 33 డిగ్రీల దాకా పారుతుంది. అలాంటి చలి మన ఏజెన్సీలో లేదు. ఆదిలాబాద్, సిర్పూర్ వైపు నుంచి ఇదే ప్రశ్న అడిగేవారికీ నేను చెప్పేది ఇదే. మన చలిలో ఆరోగ్యంగా ఉన్న డీజిల్ ఇంజిన్ రెండు మూడు సెకన్లలో అందుకుని తీరాలి. అందుకోలేదంటే బండిలో ముందునుంచీ ఉన్న లోపం ఏదో చలికి బయటపడింది.

ఇప్పుడు చూడవలసిన క్రమం. ముందు బ్యాటరీ, ఎందుకంటే అది బలహీనంగా ఉంటే తర్వాత చూసే ప్రతి రీడింగూ తప్పుతోవ పట్టిస్తుంది. రాత్రి ఆపిన బండికి పొద్దున తాళం పెట్టకముందే మల్టీమీటర్‌తో కొలవండి. 12.6 వోల్టులుంటే నిండుగా ఉంది. 12.2 అంటే సగమే. సెల్ఫ్ తిరుగుతుండగా 9.6 కంటే కిందికి పడకూడదు. సున్నా డిగ్రీల దగ్గర బ్యాటరీ తన శక్తిలో అయిదో వంతు దాకా కోల్పోతుంది, అదే సమయంలో ఇంజిన్ ఆయిల్ చిక్కబడి సెల్ఫ్ మీద భారం పెరుగుతుంది. "సెల్ఫ్ తిరుగుతోంది" అన్నారు గాని ఎంత వేగంగా తిరుగుతోందన్నది ముఖ్యం. మధ్యాహ్నం తిరిగే శబ్దాన్ని, పొద్దున తిరిగే శబ్దాన్ని ఫోనులో రికార్డు చేసి పక్కపక్కన వినండి, తేడా చెవికే తెలుస్తుంది. బ్యాటరీ బాగుండి కూడా నెమ్మదిగా తిరుగుతుంటే ఎర్త్ కేబుల్ చూడండి. మీటరు ఒక కొన బ్యాటరీ నెగటివ్ మీద, మరో కొన ఇంజిన్ బ్లాకు మీద పెట్టి సెల్ఫ్ కొట్టించండి. అర వోల్టు కంటే ఎక్కువ చూపిస్తే ఎర్త్ సరిగా లేదు. ఛాసిస్‌కు బిగించిన చోట బోల్టు విప్పి, తుప్పు గీకి బిగిస్తే చాలు. ఇంజిన్ ఆయిల్ కూడా మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయించండి. ఇంజిన్ పాతదని 20డబ్ల్యు-50 లాంటి చిక్కటి ఆయిల్ పోసే అలవాటు కొండ ప్రాంతపు చలికి పనికిరాదు.

మీ లక్షణాలకు అన్నిటికంటే దగ్గరగా ఉన్నవి హీటర్ ప్లగ్గులు. ఒక్కో సిలిండర్‌కు ఒకటి, పెన్సిల్ మొన లాంటి కొన, కొన్ని సెకన్లలోనే ఎనిమిది వందల డిగ్రీలు దాటి ఎర్రబడుతుంది. మైదాన ప్రాంతంలో కామన్ రైల్ బండికి ఒకటి రెండు ప్లగ్గులు పోయినా యజమానికి తెలియనే తెలియదు. ఆ బండే కొండ ఎక్కి చలికాలంలో నిలబడితే తెలుస్తుంది. బాగున్న సిలిండర్లు అంటుకుంటాయి, మిగతావి తెల్లటి పొగ చిమ్ముతాయి, ఇంజిన్ కాసేపు దడదడలాడుతుంది, వేడెక్కాక అన్నీ కలిసి సాఫీగా నడుస్తాయి. మీరు రాసింది ఇంచుమించు ఇదే.

డాష్‌బోర్డు మీద స్ప్రింగు గుర్తు దీపం వెలుగుతోంది కదా అని ప్లగ్గులు బాగున్నట్టు కాదు. చాలా బండ్లలో ఆ దీపం కంప్యూటర్ ఇచ్చిన ఆదేశాన్ని మాత్రమే చూపిస్తుంది. ఆ ఆదేశం ప్లగ్గు దాకా చేరి అది వేడెక్కిందో లేదో చూడాలంటే డీసీ కొలిచే క్లాంప్ మీటరు మంచి సాధనం. ప్లగ్గులకు వెళ్లే లావు వైరు చుట్టూ క్లాంపు పెట్టి, చల్లటి ఇంజిన్ మీద తాళం ఆన్ చేయండి. పన్నెండు వోల్టుల ప్లగ్గు ఒక్కోటి మొదట ఎక్కువ లాగి, కొన్ని సెకన్లకు పది పదిహేను ఆంపియర్ల దగ్గర స్థిరపడుతుంది. నాలుగూ బాగుంటే మొత్తం నలభై నుంచి అరవై. ఇరవై అయిదే చూపిస్తే రెండు చనిపోయాయి. అసలేమీ చూపించకపోతే ప్లగ్గుల జోలికి పోకుండా రిలే (ప్లగ్గులకు కరెంటు వదిలే స్విచ్చు), లావు ఫ్యూజు చూడండి.

క్లాంప్ మీటరు లేకపోతే ప్లగ్గులను కలిపే పట్టీ విప్పి, ఒక్కో ప్లగ్గునూ విడిగా కొలవాలి. పట్టీ ఉండగా కొలిస్తే అన్నీ కలిసిపోయి చచ్చినది కూడా బతికున్నట్టే కనిపిస్తుంది. ప్లగ్గు తలకూ ఇంజిన్ బ్లాకుకూ మధ్య ఒక ఓమ్ అటూ ఇటూ రావాలి. మీటరు అసలు కదలకపోతే అది పోయింది. ఒక హెచ్చరిక: కొత్త బండ్లలో కొన్నిటికి అయిదు, ఏడు వోల్టుల ప్లగ్గులుంటాయి. వాటికి బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు ఇచ్చి ఎర్రబడుతుందా అని చూస్తే అక్కడికక్కడే కాలిపోతాయి. ప్లగ్గు మీద రాసిన వోల్టేజీ చదివాకే ఏదైనా చేయండి.

కిందటి చలికాలం పాడేరు వైపు నుంచి ఒక బండి వచ్చింది, మీ బండి లాగే తెల్లటి పొగ, అప్పటికే నాలుగు ఇంజెక్టర్లూ విప్పి పరీక్ష చేయించి ఉన్నారు. ప్లగ్గుల పట్టీ పట్టుకుని కదిపితే వేలి కింద ఊగింది. చివరి నట్టు వదులై, దాని కింద పచ్చని తుప్పు పొర పేరుకుని ఉంది. మూడు, నాలుగు సిలిండర్ల ప్లగ్గులు బాగానే ఉన్నాయి, వాటికి కరెంటే చేరడం లేదు. గీకి బిగించాక మర్నాటి తెల్లవారుజామున బండి వెంటనే అందుకుంది. అందుకే కొత్త ప్లగ్గులు కొనే ముందు ఆ పట్టీని చేత్తో కదిపి చూడమంటాను.

ప్లగ్గులు మార్చవలసి వస్తే తొందరపడే మెకానిక్ చేతికి ఇవ్వకండి. ఏళ్ల తరబడి కదలని ప్లగ్గు మసి పట్టి బిగుసుకుపోతుంది. బలం పెట్టి తిప్పితే విరిగి కొన లోపలే ఉండిపోతుంది, తర్వాత హెడ్ (సిలిండర్ల పై భాగం) దించడం తప్ప దారి ఉండకపోవచ్చు. ముందు రోజు రాత్రి తుప్పు వదిలించే నూనె పోసి, మర్నాడు ఇంజిన్ వెచ్చగా ఉన్నప్పుడు కొద్దికొద్దిగా వదులు చేస్తూ, మళ్లీ కాస్త బిగిస్తూ తీయాలి. బిగించేటప్పుడు టార్క్ రెంచి వాడాలి, అవసరమైన బలం చాలా తక్కువ. వీలైతే నాలుగూ ఒకేసారి మార్చండి, మిగిలినవీ అదే వయసువి.

ప్లగ్గులూ రిలే బాగుండి కూడా కరెంటు వెళ్లకపోతే కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌ను అనుమానించండి. ఇంజిన్ డెబ్బై డిగ్రీల వేడిలో ఉందని అది కంప్యూటర్‌కు చెబితే, ప్లగ్గులు వెలిగించే అవసరం లేదని కంప్యూటర్ ఊరుకుంటుంది. చలికి ఎక్కువ డీజిల్ ఇవ్వవలసిన చోట కూడా ఇవ్వదు. పొద్దున స్టార్ట్ చేయకముందే స్కానర్‌తో (బండి కంప్యూటర్ రీడింగులు చూపే పరికరంతో) కూలెంట్ ఉష్ణోగ్రత, లోపలికి వచ్చే గాలి ఉష్ణోగ్రత చూడండి. రాత్రంతా నిలబడిన బండిలో ఆ రెండూ దాదాపు ఒకటే ఉండాలి. ఒకటి అయిదు, ఇంకొకటి నలభై చూపిస్తే దొంగ దొరికినట్టే. సెన్సర్ చవకైన వస్తువు.

మధ్యాహ్నం పరీక్షలో కూడా బండి మొరాయిస్తే ఎయిర్ సంగతి చూడాలి. ఫిల్టర్ ఓ రింగు ఎండిపోయినా, క్లిప్పు దగ్గర పైపు చీలినా అక్కడ డీజిల్ బయటికి కారనక్కర్లేదు. లోపలికి గాలి లాగుతుంది, రాత్రంతా డీజిల్ మెల్లగా టాంకులోకి దిగిపోతుంది. మర్నాడు సెల్ఫ్ కొట్టేటప్పుడు ముందు ఆ ఖాళీ పైపు నిండాలి. ఫిల్టర్ మీద హ్యాండ్ పంపు ఉంటే పొద్దున తాళం తిప్పే ముందు నొక్కండి. రెండు మూడు నొక్కులకే గట్టిపడితే పైపు నిండుగా ఉంది. పది పదిహేను నొక్కులు మెత్తగా పోయి, ఆ తర్వాత గట్టిపడి, బండి వెంటనే అందుకుంటే ఎయిర్ పడుతున్నట్టు తేలిపోయింది. ఎక్కడన్నది తెలియడానికి ఫిల్టర్‌కూ పంపుకూ మధ్య జానెడు పారదర్శకమైన పైపు తాత్కాలికంగా వేసి బుడగలు చూస్తారు. అది లో ప్రెషర్ వైపు మాత్రమే. రైలు వైపు పైపులను మీరు ముట్టుకోవద్దు, ఆ ప్రెషర్‌లో డీజిల్ చర్మం చీల్చుకుని ఒంట్లోకి పోతుంది.

ఇవన్నీ బాగున్నాకే ఇంజెక్టర్లు. వాటి రిటర్న్ పైపులకు నాలుగు చిన్న సీసాలు కట్టి సెల్ఫ్ కొడితే ఎక్కువ డీజిల్ వెనక్కి వదిలేస్తున్న ఇంజెక్టర్ ఏదో కనిపిస్తుంది. ఆ తర్వాత కంప్రెషన్. ఆయిల్ మూత తీస్తే పొగ ఎగదన్నుతూ, ఆయిల్ కూడా తగ్గుతుంటే బోరు పనికి (సిలిండర్, రింగుల రిపేరుకు) దగ్గరపడినట్టు. వేడెక్కాక కూడా తెల్లటి పొగ ఆగకుండా రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతుంటే అది హెడ్ గ్యాస్కెట్ సంగతి, ఈ చర్చతో సంబంధం లేదు, వెంటనే ఆపి చూపించండి.

రిపేరు అయ్యేదాకా పొద్దున ఇలా చేయండి. హెడ్‌లైట్లు, ఫ్యాను ఆపి ఉంచండి. తాళం ఆన్ చేసి హీటర్ దీపం ఆరాక ఇంకో నాలుగైదు సెకన్లు ఆగండి, తాళం ఆఫ్ చేసి మళ్లీ ఆన్ చేసి ఇంకోసారి వేడెక్కనివ్వండి, అప్పుడు క్లచ్ పూర్తిగా తొక్కి సెల్ఫ్ కొట్టండి. ఒకసారికి పది సెకన్లు దాటించకండి, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి. లేదంటే సెల్ఫ్ మోటారు కాలుతుంది.

కొన్ని పనులు మాత్రం ఎంత అవసరమైనా చేయకండి. ఎయిర్ ఫిల్టర్ దగ్గర స్టార్టింగ్ స్ప్రే కొట్టడం ఒకటి. ప్లగ్గులు ఎర్రగా ఉంటే ఆ ఆవిరి ఇంటేక్‌లోనే పేలుతుంది. టాంకు కింద, ఆయిల్ సంపు కింద గుడ్డలు కాల్చి వేడి పెట్టడం మరొకటి. ఆయిల్ కారి తడిసిన ఇంజిన్ కింద మంట పెడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. అన్నిటికంటే నన్ను భయపెట్టేది లోడుతో ఉన్న బండిని ఘాట్ దిగువకు దొర్లించి గేరులో వేసి స్టార్ట్ చేయడం. మీ వైపు ఇది రోజూ జరుగుతుందని నాకు తెలుసు. డీజిల్ బండిలో బ్రేకు బూస్టర్‌కు వాక్యూమ్ ఇచ్చేది ఇంజిన్ నడిపే పంపే. ఇంజిన్ అందుకోకపోతే ఒకటి రెండు సార్లు తొక్కేసరికి బ్రేకు రాయిలా గట్టిపడుతుంది, పవర్ స్టీరింగ్ కూడా బిగుసుకుపోతుంది. పొగమంచులో, మలుపులో, వెనక టన్ను సరుకుతో బండి మీ అదుపులో ఉండదు. మార్కెట్‌కు గంట ఆలస్యమైనా ఫరవాలేదు, దయచేసి ఆ పని చేయకండి.

మధ్యాహ్నం పరీక్ష ఫలితం, పొద్దున బ్యాటరీ వోల్టేజీ, సెల్ఫ్ తిరిగేటప్పుడు వోల్టేజీ, ప్లగ్గులు లాగే ఆంపియర్లు, స్కానర్‌లో రెండు ఉష్ణోగ్రతలు రాసి పంపండి. సీసాలో డీజిల్ ఫొటో కూడా పెట్టండి. పంపు గురించి మాట్లాడవలసి వస్తే అవి చూశాక మాట్లాడదాం.